తలుపు తీసే ఉంది, వంట మాత్రం మాది

మన కాలేజీలో ఎవరినైనా ఆపి "ఓపెన్ సోర్స్ అంటే ఏంటి?" అని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది "కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా మార్చొచ్చు" అంటారు. మొదటి సగంతో పేచీ లేదు. తిరకాసంతా రెండో సగంలోనే. మార్చొచ్చు, నిజమే. కానీ ఎవరి కాపీని? మార్చినదాన్ని రేపట్నుంచి చూసుకునేది ఎవరు? ఎవరి ఊళ్లో నియమం ప్రకారం మార్చాలి? ఏడాదిన్నరగా ఒక చిన్న ఆట కోడ్‌ని అందరి ముందూ పెట్టి నడుపుతున్నాం కాబట్టి ఈ ప్రశ్నలు నాకు పుస్తకంలో కాదు, రోజూ నోటిఫికేషన్ల రూపంలో ఎదురవుతున్నాయి.

ఆట పేరు చెబితే నవ్వుతారేమో. పులి-మేక. అవును, అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని చింతగింజలతో, రాళ్లతో ఆడే పులి-మేకే. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. పై కొన ఒకటి, దాని కింద మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగు గీత మీద నాలుగు. లెక్కేసుకోండి, సరిగ్గా 23 వస్తుంది. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేకలు గుంపుగా చేరి పులిని కదలకుండా కట్టేస్తాయి. నేను కోడ్ రాస్తాను, మా రూమ్మేట్ బొమ్మలు గీస్తుంది. మా ఇద్దరికీ కలిపి వారానికి ఆరు గంటలు, ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో తిన్నాక. ఈ ఆరు గంటల సంగతి గుర్తుపెట్టుకోండి, వ్యాసమంతా దాని గురించే.

గోడాట్ ఇంజిన్‌లో చేశాం. అది 2014 నుంచి ఓపెన్ సోర్స్, ఎమ్‌ఐటీ లైసెన్స్, పైసా కట్టక్కర్లేదు. ఇంకో కారణం కూడా ఉంది. 2023 మార్చిలో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి దాంట్లో తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా సరిగ్గా కూర్చుంటాయి. అంతకుముందు వెర్షన్లలో "స్త్రీ" అని రాస్తే అక్షరాలు చెల్లాచెదురుగా పడేవి. మెనూలో తెలుగు విరిగిపోయే ఇంజిన్‌తో తెలుగు ఆట ఎలా చేస్తాం చెప్పండి?

కోడ్ ఎందుకు బయటపెట్టామంటే, కంప్యూటర్ మోసం చేస్తోందని ఆడినవాళ్లంతా అనడం మొదలుపెట్టారు! పులి వైపు కంప్యూటర్ ఆడితే "దానికి నా తర్వాతి ఎత్తు ముందే తెలుసు" అనేవాళ్లు. అది చేసేదల్లా నాలుగు ఎత్తుల దాకా అన్ని దారులూ లెక్కేసి, మేకకి కనీస లాభం ఉండే దారి ఎంచుకోవడం. మూడో సెమిస్టర్‌లో చదివే మినీమ్యాక్స్ అంతే. ఎంత చెప్పినా నమ్మరు. కోడ్ చూపించేస్తే గొడవ వదులుతుంది కదా అనుకున్నాం.

చూపించే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, మీకూ పనికొస్తాయి కాబట్టి చెబుతున్నా. మొదటిది తాళం చెవి. ఆండ్రాయిడ్ యాప్‌ని సంతకం చేసే కీస్టోర్ ఫైల్ రెపోలో ఉండకూడదు. "తర్వాత కమిట్‌లో తీసేస్తాలే" అంటే కుదరదు. గిట్‌లో తీసేసినది కూడా చరిత్రలో అలాగే ఉంటుంది, ఎవరైనా వెనక్కి వెళ్లి తీసుకోవచ్చు. రెండోది లైసెన్స్ ఫైల్. అది లేకపోతే కోడ్ కనిపిస్తుంది గానీ చట్టప్రకారం ఎవరికీ వాడుకునే హక్కు ఉండదు. కనిపించడం వేరు, ఓపెన్ సోర్స్ కావడం వేరు. మేం జీపీఎల్ మూడో వెర్షన్ పెట్టాం. అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కానీ తాము పంచిన దాని కోడ్‌ని వాళ్లూ అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. మూడోది బొమ్మలు, శబ్దాలు. వాటిని జీపీఎల్ నుంచి విడదీసి, హక్కులు మా రూమ్మేట్ దగ్గరే ఉంచాం. ఇది మేం కనిపెట్టింది కాదు. 1997 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు డూమ్ ఆట సోర్స్ కోడ్ విడుదల చేసినప్పుడు కూడా ఆట లెవెల్స్, బొమ్మలు దాంతో ఇవ్వలేదు. ఇంజిన్ అందరిదీ అయింది, డూమ్ మాత్రం వాళ్లదే.

నాలుగోది సిగ్గు. నవ్వకండి, సీరియస్‌గా అంటున్నా. కోడ్ బయటపెడదామంటే అందరి నోటా మొదట వచ్చే మాట "ముందు కాస్త క్లీన్ చేసి పెడదాం". ఆ కాస్త ఎప్పటికీ పూర్తి కాదు. ఇంగ్లిష్ అక్షరం 'వీ' ఆరుసార్లు రాస్తే వచ్చే పేరుతో ఒక ఆట ఉంది, టెర్రీ కవానా చేశాడు. 2010 జనవరిలో వచ్చింది, ఇండీ ఆటల్లో దానికి పెద్ద పేరు. సరిగ్గా పదేళ్ల తర్వాత, 2020 జనవరిలో, దాని కోడ్ బయటపెట్టాడు. చూస్తే ఏముంది? ఆట కథంతా నడిపే ఒకే ఒక్క స్విచ్ స్టేట్‌మెంట్, దాంట్లో వందలకొద్దీ కేసులు. మన ల్యాబ్‌లో అలా రాస్తే రికార్డ్ మీద సంతకం పెట్టరు! నెట్ అంతా కొన్నాళ్లు నవ్వుకుంది. కానీ ఆ ఆట అంతకుముందు పదేళ్లుగా జనం ఆడుతున్నదే. కోడ్ బయటికొచ్చాక అభిమానులే కూర్చుని బగ్‌లు దిద్దారు, 2021లో వాళ్ల పనితో 2.3 వెర్షన్ వచ్చింది. ఈ సంగతి తెలిశాక మా వెయ్యి లైన్ల ఫైల్‌ని మేం దాచుకోలేదు. ఒక ఆదివారం పబ్లిక్ బటన్ నొక్కేశాం.

మోసం ఆరోపణ నిజంగానే ఆగింది. దాని బదులు ఇంకో వరద మొదలైంది.

మొదటి ఇష్యూ: "మీరు పెట్టిన నియమం తప్పు. మేకలన్నీ దించేదాకా ఏ మేకనీ కదపకూడదు." రెండో ఇష్యూ, ఇంకో జిల్లా నుంచి: "మేకలు దించుతూ కూడా కదపొచ్చు, మా ఊళ్లో అలాగే ఆడతాం, సరిచేయండి." మూడోది: "పులికి చంపే అవకాశం ఉంటే చంపి తీరాలి." నాలుగోది: "ఐదు మేకలు చస్తే ఆట అయిపోయినట్టే, మీరు చివరిదాకా ఎందుకు లాగుతున్నారు?" ప్రతివాళ్లూ దాన్ని బగ్ అనే రాశారు. ఎవరూ "మా పద్ధతి" అనలేదు. "అసలు పద్ధతి" అన్నారు. ఒకాయన వాళ్ల తాత ఆడుతున్న ఫొటో కూడా జతచేశాడు సాక్ష్యంగా.

నాకైతే ఇది ముచ్చటేసింది. సుద్దముక్క ఆటకి ఎవరూ రూల్‌బుక్ రాయలేదు కాబట్టే ఏ ఊరికి ఆ ఊరు దాన్ని తనకి తగ్గట్టు మలుచుకుంది. ఆలోచిస్తే ఫోర్క్ అంటే ఇదే. గిట్ పుట్టకముందే మనవాళ్లు పులి-మేకని ఊరూరా ఫోర్క్ చేసి పెట్టారు. కాకపోతే ఆరు గంటల ప్రశ్న అలాగే ఉంది. ప్రతి ఊరి నియమానికీ సెట్టింగ్ పెడితే ఒక్కొక్కటీ రెండేసి దారులు. నాలుగు నియమాలంటే పదహారు రకాల ఆటలు, పదహారూ పరీక్షించాలి, పదహారింట్లోనూ కంప్యూటర్ పులి తెలివిగా ఆడాలి. మేం రెండు సెట్టింగులే పెట్టాం. మేకలు ఎప్పుడు కదపొచ్చు, ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు. మిగతావాటికి ఎందుకు కుదరదో రాసి మూసేశాం. ఫొటో పంపినాయనకి మాత్రం, వాళ్ల తాత నియమం కోడ్‌లో ఏ ఫంక్షన్ మారిస్తే వస్తుందో రాసి పంపాం. తన ఫోన్‌లో తన ఊరి ఆట ఆయన ఇప్పుడు ఆడుకుంటున్నాడు. కోడ్ తెరిచి ఉండటం వల్ల నిజమైన లాభం నాకు అక్కడే కనిపించింది. మేం "కాదు" అన్నా అది ఆఖరి మాట కాదు.

ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష.

మా ఇష్యూల్లో అందరికంటే ఎక్కువ బొటనవేళ్లు పడింది ఆన్‌లైన్ మల్టీప్లేయర్‌కి. నలభై పైనే. "ఫ్రెండ్‌తో దూరం నుంచి ఆడాలి" అని. న్యాయమైన కోరికే. అదే వారం ఒక చిన్న ఇష్యూ వచ్చింది, తెలుగులో, మూడు వాక్యాలు. తనకి చూపు లేదని, ఊళ్లో గుడి దగ్గర బండ మీద చెక్కిన గీతల్ని వేళ్లతో తడుముతూ ఈ ఆట ఆడేవాణ్ణని, ఫోన్ అద్దం మీద గీతలు తగలవు కాబట్టి ఏమైనా చేయగలరా అని. దానికి ఒక్క బొటనవేలు. అది కూడా మా రూమ్మేట్‌దే.

అంతకుముందే మేం పనుల్ని మూడు అరల్లో సర్దే పద్ధతి పెట్టుకున్నాం. మొదటి అర: ఆట ఆగిపోయేవి, క్రాష్‌లు, ఫోన్ వేడెక్కడం. రెండో అర: ఎవరో ఒకరు అసలు ఆడలేకపోయేవి. మూడో అర: ఆడుతున్నవాళ్లకి ఆట ఇంకా బాగుండేవి. పై అర ఖాళీ అయ్యేదాకా కింది అర ముట్టుకోం. ఈ లెక్కన మల్టీప్లేయర్ మూడో అర, బండ మీద గీతలాయన రెండో అర. ఆ నలభైమందీ ఇవాళ కూడా ఆడగలరు. ఆయన ఆడలేడు. కాగితం మీద తేలిక.

కాగితం బయట అంత తేలిక కాదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే, సంక్రాంతి సెలవుల తర్వాత, మా డిపార్ట్‌మెంట్ జూనియర్ ఒకడు పుల్ రిక్వెస్ట్ పంపాడు. 2,300 లైన్లు. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ మొత్తం. పండక్కి ఊరెళ్లి, గాలిపటాలు కూడా ఎగరెయ్యకుండా కూర్చుని రాశాడట. "అక్కా, మెర్జ్ చేస్తే ప్లేస్‌మెంట్స్ లోపు రెజ్యూమేలో పెట్టుకుంటా" అని మెసేజ్. పని చేస్తోంది కూడా. మా రెండు ఫోన్లలో ఆడి చూశాం, బాగుంది.

వద్దన్నాం.

ఎందుకో చెబుతాను. రాయడం అయిపోయిన కోడ్ ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది. ఏనుగుని ఊరికే ఇచ్చారు సరే, రోజూ మేపేదెవరు? మల్టీప్లేయర్ అంటే ఒక సర్వర్ ఇరవైనాలుగు గంటలూ నడవాలి, నెలనెలా డబ్బు కట్టాలి. ఎవరో మధ్యలో నెట్ కట్ చేసి ఓటమి తప్పించుకుంటే దానికో నియమం కావాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లలతో ఆడతారు, పేరు పెట్టుకునే చోట బూతులు రాస్తారు, వాటిని చూసుకోవాలి. జూనియర్ వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్‌కి వెళ్తాడు, వెళ్లాలి కూడా. ఏనుగు మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది, వారానికి ఆరు గంటల మేతతో. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరి కోడ్ కలిపినా దాని కాపీరైట్ వాళ్లదే. రేపు లైసెన్స్ మార్చాల్సి వస్తే అందరినీ అడగాలి. వీఎల్‌సీ ప్లేయర్ 2011లో యాపిల్ స్టోర్ నుంచి పోయింది ఇలాంటి చోటే. దాని కోడ్ రాసినవాళ్లలో ఒకరు జీపీఎల్‌కి ఆ స్టోర్ నిబంధనలు పొసగవని అభ్యంతరం చెప్పారు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు ఉన్నారు. షాటర్డ్ పిక్సెల్ డంజన్ మీలో చాలామంది ఫోన్లలో ఉండే ఉంటుంది. వటబౌ అనే పేరుతో ఒకాయన 2012లో పిక్సెల్ డంజన్ చేసి, కోడ్‌ని జీపీఎల్ కింద ఇచ్చేశాడు. ఇవాన్ డెబెన్‌హమ్ 2014లో దాన్ని తీసుకుని మార్చడం మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆపలేదు, 2022లో స్టీమ్‌లో అమ్మకానికి కూడా పెట్టాడు. కోడ్ మొత్తం ఇప్పటికీ బహిరంగమే. కానీ రీడ్‌మీలో స్పష్టంగా ఉంటుంది: ఇక్కడ పుల్ రిక్వెస్టులు తీసుకోం, మీ సొంత ప్రాజెక్టుకి పనికొస్తుందని కోడ్ ఇస్తున్నాం, బగ్‌లూ సూచనలూ మాత్రం చెప్పండి. పైగా తన ఆటని ఫోర్క్ చేసుకునేవాళ్లు ఏమేం మార్చుకోవాలో గైడ్ కూడా రాసి పెట్టాడు. అది పొగరు కాదు. ఇంట్లోకి రావచ్చు, చూడొచ్చు, వంట ఎలా చేస్తున్నామో రాసుకుని వెళ్లి మీ ఇంట్లో చేసుకోవచ్చు. మా పొయ్యి మీద గరిట మాత్రం మేమే తిప్పుతాం, అంతే. తానే వేరొకరి ఆటని ఫోర్క్ చేసి ఎదిగినవాడు ఫోర్క్ విలువ తెలిసే అలా రాశాడనుకుంటాను.

దీనికి ఎదురుగా మిండస్ట్రీ ఉంది. అదీ జీపీఎల్లే, స్టీమ్‌లో డబ్బుకి, బయట ఉచితంగా దొరుకుతుంది. వాళ్లు పుల్ రిక్వెస్టులు తీసుకుంటారు, కానీ ఆటని కనీసం ఒకసారి రన్ చేసి చూడకుండా ఏదీ పంపొద్దని ముందే రాసి పెట్టారు. ఆ వాక్యం రాయాల్సి వచ్చిందంటే వాళ్లకి ఏమేం వచ్చి ఉంటాయో ఊహించుకోండి. రెండు పద్ధతులూ సరైనవే. ఎవరికి ఎన్ని గంటలున్నాయో దాన్ని బట్టి.

జూనియర్‌కి ఇదంతా చెప్పాం. పుల్ రిక్వెస్ట్ కింద రాశాం, తర్వాత క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చోబెట్టి కూడా చెప్పాం. అర్థమైంది గానీ బాధ పోలేదు. మూడు వారాలు కారిడార్‌లో కనిపిస్తే తల తిప్పుకున్నాడు. నాకు కష్టంగానే ఉండింది. వాడి కోడ్‌లో లోపం ఉండి ఉంటే వద్దనడం సులువయ్యేది. బాగున్నదాన్ని కాదనడానికే ధైర్యం కావాలి.

ఆ ఆరు గంటలూ బండ మీద గీతలాయనకి ఇచ్చాం. తొమ్మిది ఆదివారాలు పట్టింది. గోడాట్ 4లో మాట పలికించే ఫంక్షన్ ఉంది, ఫోన్‌లో తెలుగు గొంతు ఉంటే చదువుతుంది. వేలు జరుపుతుంటే ఏ చోటు మీదుందో చెప్పాలి. మేం ఇంజినీర్లం కదా, చక్కగా "రెండో గీత, మూడో చోటు, మేక" అని పెట్టాం. పంపాం. ఆయన జవాబు: "చోటు నంబర్ నాకు వేలికి తెలుసమ్మా. పక్కన పులి ఉందా లేదా అది ముందు చెప్పించు." అంతే, మొత్తం తిరగరాశాం. ఇప్పుడు ముందు ప్రమాదం, తర్వాత చోటు. "పక్కన పులి. వెనక ఖాళీ." వెనక ఖాళీ ఉంటేనే కదా పులి దూకేది! కళ్లున్న మేం ఆట అంతా ఒకేసారి చూస్తాం కాబట్టి ఏది ముందు అన్న ప్రశ్నే మాకు తట్టలేదు. ఏది ముందో తేల్చడం మా ఇష్యూల పట్టికలో ఎంత పెద్ద పనో, ఆయన వేలి కింద కూడా అంతే పెద్ద పని.

ఆ వెర్షన్ విడుదలైన రోజు ప్లే స్టోర్‌లో రెండు రివ్యూలు వచ్చాయి. ఒకటి ఒక్క నక్షత్రం: "నలభైమంది అడిగింది ఇవ్వకుండా ఎవరికో ఏదో చేశారు." రెండోదానికి మాటలేం లేవు, ఐదు నక్షత్రాలు. ఎవరిదో తెలియదు, ఊహించుకునే హక్కు మాత్రం మాకుంది.

జూనియర్ ఏం చేశాడంటారా? ఫోర్క్ చేశాడు. పేరు మార్చుకున్నాడు, బొమ్మలు తనే గీసుకున్నాడు, సర్వర్ ఖర్చు ముగ్గురు ఫ్రెండ్స్ పంచుకుంటున్నారు. వాడి రెజ్యూమేలో ఇప్పుడు "ఒక పుల్ రిక్వెస్ట్" కాదు, ఒక ఆట ఉంది. మా మల్టీప్లేయర్ ఇష్యూ కింద వాడి ఆట లింక్ మేమే పెట్టాం. మొన్న వాడే వచ్చి అడిగాడు: "అక్కా, నా రెపోకి పుల్ రిక్వెస్టులు వస్తున్నాయి, ఎలా వద్దనాలి?"

అన్ని ఫోర్కులూ ఇంత ముచ్చటగా ఉండవు. ఎవరో మా కోడ్ తీసుకుని, ప్రతి ఎత్తుకీ ప్రకటన వచ్చేలా చేసి స్టోర్‌లో పెట్టారు. కోడ్ అడిగితే ఇచ్చారు, బొమ్మలు మార్చారు. అంటే లైసెన్స్ ప్రకారం అంతా సక్రమం. మనసు చివుక్కుమంది, నిజమే. కానీ ఊరాయనకి తాత నియమం మార్చుకునే స్వేచ్ఛ, జూనియర్‌కి ఆట కట్టుకునే స్వేచ్ఛ ఇచ్చిన వాక్యమే వాళ్లకీ ఇచ్చింది. నచ్చినవాళ్లకి ఒక లైసెన్స్, నచ్చనివాళ్లకి ఇంకోటి ఉండదు.

చివరిగా, మన గురించి ఒక మాట. 2020 అక్టోబర్‌లో హాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు అన్నారు. రీడ్‌మీలో ఒక పదం మార్చినవి, ఏమీ మార్చనివి ప్రపంచమంతా రెపోల్లో కుప్పలుగా పడ్డాయి. చివరికి ఒప్పుకున్న రెపోలే లెక్కలోకి వస్తాయని నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చాల్సి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్ రెపోకి రీడ్‌మీలో తమ పేరు చేర్చమంటూ వరసగా పుల్ రిక్వెస్టులు వెళ్లాయి. పంపినవాళ్లలో మనలాంటి విద్యార్థులు చాలామంది. అవతల ఉన్నది కంపెనీ కౌంటర్ కాదు, ఎవరో ఒకరి ఆదివారం మధ్యాహ్నం. ఒక్కో పుల్ రిక్వెస్ట్ చదవడానికి పదిహేను నిమిషాలైనా పడుతుంది, ఆ పదిహేను నిమిషాలు ఇంకెవరి ఇష్యూ నుంచో కోసి ఇవ్వాలి.

కాబట్టి మీరు ఏ రెపోకైనా కోడ్ పంపే ముందు మూడు పనులు చేయండి. ఆట ఆడండి. మూసేసిన ఇష్యూలు చదవండి, ఏది ఎందుకు వద్దన్నారో అక్కడే ఉంటుంది. రాయడానికి ముందు రెండు లైన్లలో అడగండి. మీరే రెపో పెట్టుకుంటే, మీ దగ్గర వారానికి ఎన్ని గంటలున్నాయో రీడ్‌మీ మొదటి లైన్లోనే రాయండి. మాది అలాగే ఉంటుంది: "ఇద్దరం, ఆరు గంటలు."

ప్రస్తుతం రెండో అరలో ఒకటే ఇష్యూ ఉంది. పాత ఫోన్లలో తెలుగు గొంతు లేకపోతే ఏం చేయాలన్నది. ఐడియా ఉంటే చెప్పండి. కోడ్ పంపకండి, ముందు చెప్పండి.